నీళ్ళు తినిపించిన రోజులు

మా పాప స్కూలు నుంచి రాగానే నేను ముందు చూసేది దాని మొహం కాదు, నీళ్ళ సీసా. భుజం మీది బ్యాగు అందుకుంటున్నట్టే అందుకుని సీసాని చేత్తో ఎత్తి చూసేదాన్ని. బరువుతోనే తెలిసిపోయేది. పొద్దున నింపిన నీళ్ళు నింపినట్టే ఉండేవి. మూత దగ్గర మాత్రం కాస్త తడి. టీచరు తాగమన్నప్పుడు పెదవులు తడుపుకుని మళ్ళీ మూత పెట్టేస్తుందన్నమాట.

"తాగలేదేం నాన్నా?"

"దాహం వేయలేదు."

ఏలూరులో, మార్చి ఎండలో, ఆటో నిండా పిల్లల మధ్య ఇరుక్కుని వచ్చిన ఆరేళ్ళ పిల్లకి దాహం వేయలేదట. పెదవులు పగిలి ఉండేవి. చెంపలు ఎర్రగా కాలుతుండేవి. నేను గ్లాసుతో వెంటపడేదాన్ని. అది మంచం చుట్టూ తిరిగేది. చివరికి గ్లాసులో సగం నేల మీద, మిగతా సగం నా చీర మీద.

ఇప్పుడు అందరూ పడుకున్నాక కూర్చుని ఇది రాస్తున్నానంటే, ఆ కొన్ని వారాలు నన్ను ఎంత అరగదీశాయో నాకు నేను చెప్పుకోవడానికే. నా భయానికి కారణం లేకపోలేదు. చలి తగ్గుతున్న రోజుల్లో ఒక సాయంత్రం పాప బాత్రూంలోంచి "అమ్మా, మంట" అంది. ఇంట్లో ఎవరూ కంగారు పడలేదు. మా వైపు ఒంటేలుకు మంటగా ఉందంటే దానికి ఒకటే అర్థం, వేడి చేసింది. తాడేపల్లిగూడెం నుంచి మా అమ్మ ఫోన్లో "గుడ్డు మానిపించు, బెల్లం పెట్టకు" అంది. మాతోనే ఉండే మా అత్తయ్యగారు పాప మాడు మీద ఆముదం పెట్టి, బొడ్డు చుట్టూ కూడా రాశారు. కింద వాటాలో ఉండే ఆవిడ సబ్జా గింజలు పంపించారు. అవన్నీ నేనూ శ్రద్ధగా చేశాను. బీఎస్సీలో సూక్ష్మజీవుల గురించి పరీక్షలు రాసి పాసైన మనిషిని. సూక్ష్మదర్శిని కింద వాటిని కళ్ళారా చూశాను. అయినా మంట అనగానే నా బుర్రకి తోచింది కూడా వేడే. చదువు ఒక గదిలో, వేడి-చలవ ఇంకో గదిలో ఉంటాయి కాబోలు మా బుర్రల్లో.

తర్వాత చలితో వణుకుతూ జ్వరం వచ్చింది. పిల్లల డాక్టరమ్మ పరీక్ష చేయించి, "వేడి కాదమ్మా, ఇన్ఫెక్షన్" అన్నారు. మందులు రాశారు. "నీళ్ళు బాగా తాగాలి. ఎప్పటికప్పుడు బాత్రూంకి వెళ్ళాలి. మళ్ళీ మళ్ళీ వస్తే కిడ్నీల దాకా పోతుంది" అన్నారు. నా చెవుల్లో పడినవి మొదటి మాటా చివరి మాటా మాత్రమే. నీళ్ళు, కిడ్నీలు. మధ్యలో మాట ఎటు పోయిందో నాకు తెలియదు.

ఆ రోజు నుంచి నీళ్ళ సీసా నా శత్రువైంది. కార్టూన్ బొమ్మల సీసా కొన్నాను. గొట్టం ఉన్నది కొన్నాను. నీళ్ళలో పుదీనా వేశాను, నిమ్మకాయ పిండాను. బతిమాలాను, అరిచాను, ఒకసారి ఏడ్చాను కూడా. నేను ఏడుస్తుంటే పాప జాలిపడి రెండు గుక్కలు తాగింది. రోజూ ఏడవలేను కదా.

అప్పుడు అత్తయ్యగారే అన్నారు, "తాగని పిల్లని తాగమని చంపుకుతినకమ్మాయ్. తినిపిద్దాం నీళ్ళు."

ఆవిడది కొల్లేరు లోపలి లంక ఊరు. చుట్టూ నీళ్ళే, కానీ నోట్లో పోసుకునే నీళ్ళు కావు. ఆవిడ చిన్నప్పుడు తాగే నీళ్ళు దోనెల్లో బిందెలకెత్తి తెచ్చుకునేవారట. గ్లాసుడు నీళ్ళు గటగటా తాగడం వాళ్ళింట్లో తప్పు చేసినట్టే లెక్క. అందుకని తిండిలోంచే ఒంటికి నీళ్ళు పట్టించేవారు. గంజి, మజ్జిగ, పులుసులు, అన్నిటికన్నా ముందు తరవాణి. వార్చిన గంజీ నీళ్ళూ కలిపిన కుండలో మిగిలిన అన్నం వేసి పులియబెడితే అది తరవాణి. పొద్దున్నే ఆ పుల్లటి అన్నం తింటే ఎండ నెత్తికెక్కే దాకా నోరు ఎండదని ఆవిడ నమ్మకం. మా వంటింట్లో గ్యాసు పొయ్యి పక్కన మూలన ఒక కుండ వెలిసింది. ఆ వాసనకి మొదట్లో నేను ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకునేదాన్ని. పాప మాత్రం నానమ్మ ఒళ్ళో కూర్చుని, ఉల్లిపాయ ముక్క నంజుకుంటూ, కథలు వింటూ గిన్నె ఖాళీ చేసేది.

నేనూ రంగంలోకి దిగాను. పెరుగన్నం పొద్దున కలిపి బాక్సులో పెడితే మధ్యాహ్నానికి రాయిలా బిగుసుకుపోతుంది. అన్నం మెత్తగా ఉడికించి, వేడి మీదే మెదిపి, గోరువెచ్చని పాలు ఎక్కువ పోసి, పెరుగు ఒక్క చెంచా వేయాలి. బాక్సులోనే తోడుకుని, తినేవేళకి జారుగా, కమ్మగా ఉంటుంది. బీరకాయకి చుక్క నీళ్ళు పోయకుండా మూత పెడితే దాని నీళ్ళలో అదే ఈదుతూ ఉడుకుతుంది. మూత తీసి అది చూసినప్పుడల్లా నాకు కాస్త ధైర్యం వచ్చేది. ఇన్ని నీళ్ళు, ఇందులోనే, నా పిల్ల కోసం. సొరకాయ, పొట్లకాయ, దోసకాయ పప్పు, మజ్జిగ పులుసు, సగ్గుబియ్యం జావ. కీర ముక్కలు, కమలా తొనలు, పుచ్చకాయ. పుచ్చకాయ రసం బాక్సులోంచి కారి స్కూలు డైరీ తడిసింది. దయచేసి పొడి పదార్థాలు పంపండి అని టీచరు ఆ తడిసిన పేజీ మీదే రాసి పంపారు. మా అమ్మ రోజూ ఫోన్ చేసి "ముంజలు దిగేదాకా ఎలాగో నెట్టుకురావే, ఆ తర్వాత భయం లేదు" అనేది, ముంజలు డాక్టర్లయినట్టు.

మావారు చేపల చెరువులకి మేత అమ్మే కంపెనీలో పని చేస్తారు. పొద్దున వెళ్ళి గట్ల మీద తిరిగి తిరిగి సాయంత్రం వస్తారు. ఒకరోజు కంచం ముందు కూర్చుని, సొరకాయ పులుసు, మజ్జిగ, జావ వరసగా చూసి, "ఏవోయ్, ఇవాళ నమిలేది ఏదైనా ఉందా మన ఇంట్లో?" అన్నారు.

"కీర దోసకాయ ఉందండి."

"పొద్దుట్నుంచి చెరువు మీదే ఉన్నాను. ఇంటికొచ్చినా చెరువేనా?"

"పోన్లేరా, నీ కూతురి కోసం నాలుగు రోజులు మింగు" అన్నారు అత్తయ్యగారు. "బంగాళాదుంప వేపుడు తినకపోతే ప్రాణం పోదు."

నవ్వుకున్నాం. నాకు నవ్వే ఓపిక ఉన్న రోజులవి. కానీ నవ్వుతూనే నేను లెక్క చూసుకుంటూ ఉండేదాన్ని. పాప బాత్రూంకి వెళ్తే వెనకే వెళ్ళి రంగు చూసేదాన్ని. చెప్పుకోవడానికి బాగుండదు, కానీ తల్లులకి అర్థమవుతుంది. ఆదివారం పూట కొబ్బరినీళ్ళలా తేటగా ఉండేది. స్కూలు ఉన్న రోజు సాయంత్రం టీ డికాషన్‌లా. అదే తిండి, అదే పిల్ల. ఎందుకో అంతు చిక్కేది కాదు. స్కూలు నుంచి వస్తూనే బూట్లు కూడా విప్పకుండా బాత్రూంలోకి పరిగెత్తేది. నేను సంతోషించాను. తినిపించిన నీళ్ళు పనిచేస్తున్నాయనుకున్నాను.

తర్వాత బాక్సు తిరిగి రావడం మొదలైంది. కీర ముక్కలు అంచులు ముడుచుకుపోయి వచ్చేవి. కమలా తొనలు అలాగే. పెరుగన్నం సగం.

"ఎందుకు తినలేదే?"

"జంతికలు పెట్టమ్మా. గట్టివి పెట్టు."

"గట్టివి కాదు, చలవ చేసేవి తినాలి తల్లీ."

"చలవ వద్దు."

నా ఓపిక అక్కడితో అయిపోయింది. ఆ పూట నేను దాంతో మాట్లాడలేదు. పొద్దున చీకటితో లేచి, తరిగి, ఉడికించి, మెదిపి పెట్టిందంతా చెత్తబుట్టలో పోశాను. మర్నాడు సాయంత్రం బాత్రూంలోంచి మళ్ళీ అదే పిలుపు వినిపించింది.

"అమ్మా, మంట."

అత్తయ్యగారు అప్పటికే ఆముదం సీసా తెచ్చేశారు. నేను బాత్రూం గడప మీద కూలబడ్డాను. పాప నా మొహం చూసి, తిట్టడం లేదేమిటా అనుకుందో ఏమో, తనే మొదలుపెట్టింది.

"నీ వల్లేనమ్మా."

"నేనేం చేశానే?"

"నీళ్ళు తాగకపోతే రాదు కదా. నువ్వేమో అన్నిట్లో నీళ్ళు పెట్టేస్తున్నావు. దోసకాయ తిన్నా వచ్చేస్తోంది. పుచ్చకాయ తిన్నా వచ్చేస్తోంది."

"ఏమొస్తోంది?"

"ఒకటికి."

"వస్తే వెళ్ళాలి కదా నాన్నా."

"గడియ లేదు."

"ఏ గడియ?"

"స్కూల్లో బాత్రూంకి. తలుపు దానంతటదే తెరుచుకుంటుంది. అబ్బాయిలు తోసేసి నవ్వి పారిపోతారు. ముందు నా పక్క సీటు అమ్మాయి తలుపు పట్టుకునేది. ఇప్పుడు తను నాతో మాట్లాడట్లేదు. నేను తన రబ్బరు పోగొట్టాను."

నేను అడిగాను, "మరి ఎంతసేపు ఆపుకుంటున్నావే?"

"ఇంటికొచ్చేదాకా." నా మొహంలో ఏం కనిపించిందో, ధైర్యం చెప్పబోయింది. "ఏం కాదమ్మా. నానమ్మ చీకటి పడేదాకా ఆపుకునేది. నేను లాంగ్ బెల్లు దాకానే కదా."

అత్తయ్యగారి చేతిలో ఆముదం సీసా అలాగే ఉండిపోయింది.

తరవాణి తినిపిస్తూ ఆవిడ చెప్పిన కథలు అవే. పొద్దున తరవాణి తిన్నామంటే ఇక పగలంతా నీళ్ళ జోలికి పోయేవాళ్ళం కాదు, చీకటి పడేదాకా ఒంటేలుకి లేచేవాళ్ళమే కాదు, మా అంత గట్టి ఆడపిల్లలు ఏ ఊళ్ళోనూ లేరు, అని ఆవిడ చేతులు తిప్పుతూ చెప్తుంటే వంటింట్లోంచి నేనూ విన్నాను. విని, బాగానే తింటోంది కదా అని ఊరుకున్నాను.

"అయ్యో నా తల్లీ, అది గొప్పటే?" అన్నారు ఆవిడ. "మాకు చాటు లేక. చుట్టూ నీళ్ళు, ఉన్న కాస్త గట్టు మీదా మగాళ్ళు. తెల్లారకముందు పోవాలి, లేదంటే పొద్దు గూకాక. ఎక్కడికి పోతాం?"

"మరి గొప్పగానే చెప్పావు కదా నానమ్మా."

ఆవిడ ఆముదం సీసా కింద పెట్టారు. "చెప్పాను. ఇన్నేళ్ళ తర్వాత ఏదో ఒకలా చెప్పుకోవాలి కదమ్మా" అన్నారు, పాపతో కాదు, నాతో.

నేను మాత్రం వేరేగా ఉన్నానా? డిగ్రీ చదివినన్నాళ్ళూ తాడేపల్లిగూడెం నుంచి ఏలూరుకి ప్యాసింజరు రైల్లో వచ్చి వెళ్ళాను. పొద్దున ఇంట్లో కాఫీ తాగితే మళ్ళీ సాయంత్రం ఇంటికి వెళ్ళాకే గొంతు తడిసేది. కాలేజీలో బాత్రూం ఎటుందో తెలుసు, వెళ్ళినవాళ్ళు ముక్కు మూసుకుని తిరిగి రావడమూ తెలుసు. మా అమ్మ పెట్టిన మజ్జిగ సీసాని రైలు కిటికీలోంచి ఒంపేసేదాన్ని. మా జట్టులో ఆడపిల్లలందరం అంతే. ఎందుకు తాగట్లేదో ఎవరం ఎవరికీ చెప్పుకోలేదు. రోజూ సాయంత్రం తల పగిలిపోయేది. ఎండ తలనొప్పి అనుకునేదాన్ని. మా అమ్మ వేడి చేసిందని నెత్తిన నూనె పెట్టేది. ఇప్పటికీ ఊరు వెళ్ళాలంటే ముందు రోజు నుంచే నీళ్ళు తగ్గించేస్తాను. పాప సీసా చేత్తో తూచిన నేను, ఒక్కసారైనా నా సీసా తూచుకోలేదు. పాపకి ఈ ఆపుకోవడం ఎవరూ నేర్పలేదనుకున్నాను. ఇంట్లో ఇద్దరం ఉన్నాం నేర్పడానికి.

మర్నాడు డాక్టరమ్మ మళ్ళీ పరీక్షకి పంపి, మందు రాసి, "ఇంట్లో ఏం పెడుతున్నారు?" అని అడిగారు. నేను జాబితా అంతా చెప్పాను. ఆవిడ చిన్నగా నవ్వారు.

"అన్నీ మంచివేనమ్మా. తిండిలోంచి వచ్చినా నీళ్ళు నీళ్ళే. కానీ లోపలికి వెళ్ళినవి బయటికి రావాలి కదా. పూటంతా ఆపుకుంటే ఆ నిలవలోనే పురుగు పెరుగుతుంది. ముందు ఆ తలుపు సంగతి చూడండి. ఇంకోసారి వస్తే స్కానింగ్‌కి పంపాలి."

తిరిగి వస్తుంటే బండి మీద పాప మా ఇద్దరి మధ్య కునుకు తీసింది. వంతెన దాటాక మావారు అన్నారు, "చెరువులో కొత్త నీళ్ళు పెట్టి పాత నీళ్ళు తీయకపోతే చేపలకి తెగులు పడుతుంది. రైతులకి రోజూ చెప్పే మాటే."

"మరి నాకెందుకు చెప్పలేదండీ?"

"మన ఇంట్లో చెరువు ఉందని నాకేం తెలుసు?"

నవ్వబోయి ఇద్దరం మానేశాం. సాయంత్రం ఆయన కొత్త గడియ, స్క్రూలు కొనుక్కుని స్కూలుకి వెళ్ళారు. తలుపు ప్లాస్టిక్‌ది, చట్రం దగ్గర నిలువునా చీలిపోయి ఉంది. స్క్రూ పట్టలేదు. తలుపే మార్చాలి. మర్నాడు నేను వెళ్ళి హెడ్ మేడమ్‌గారిని కలిశాను.

"వడ్రంగికి చెప్పామండీ. వస్తానన్నాడు. ఇదిగో అదిగో అంటున్నాడు."

"ఈలోగా ఎవరైనా నిలబడతారా అండీ తలుపు దగ్గర?"

పక్కనే ఉన్న ఆయమ్మ అందుకుంది. "నన్నేనా అండీ? చిన్న క్లాసుల పిల్లలకి నేనే, గేటుకి నేనే, మేడమ్‌గారి టీకి నేనే. ఇంటర్వెల్లు టైములో నేను నలుగుర్ని అవ్వాలండి."

ఆమె చెప్పింది అబద్ధం కాదు. నాకు పోట్లాడే ఓపికా లేదు.

"పోనీ, నేను వచ్చి నిలబడనాండీ? తలుపు మార్చేదాకా."

మేడమ్‌గారు నన్ను పైనుంచి కిందికి చూశారు. "రోజూనా అండీ?"

"రోజూనండీ."

"సరే, మీ ఇష్టం" అన్నారు.

పాపకి చెప్తే ససేమిరా అంది. "నువ్వు రాకు. అందరూ నవ్వుతారు." వెళ్ళాను. ఇంటర్వెల్ గంట కొట్టారు. పిల్లలు వరదలా బయటికి వచ్చారు. పాప నన్ను చూసి, తెలియని మనిషిని చూసినట్టు పక్కనుంచి వెళ్ళిపోయి, ఒక చుట్టు తిరిగి వచ్చి, చటుక్కున లోపలికి దూరింది. నేను తలుపు లాగి రెండు చేతులతో పట్టుకున్నాను.

చాలాసేపు ఏ చప్పుడూ లేదు.

"అమ్మా, ఉన్నావా?"

"ఉన్నాను."

"చెయ్యి తీయకు."

"తీయను నాన్నా."

అప్పుడు వినిపించింది. సన్నగా మొదలై, ఆగి, మళ్ళీ మొదలై, చాలాసేపు. ఆ చప్పుడు వింటూ ఆ చీలిన తలుపుకి నుదురు ఆనించి నిలబడ్డాను. ఇన్ని వారాలుగా నేను ఉడికించి, మెదిపి, బతిమాలి తినిపించిన బీరకాయలూ దోసకాయలూ అన్నీ పోతున్నట్టనిపించింది. పోనీ, అనుకున్నాను.

పాప బయటికి వచ్చి చేతులు గౌనుకి తుడుచుకుని వెళ్ళిపోయింది. నేను వెనక్కి తిరిగేసరికి రెండు జడల పిల్ల ఒకతి నిలబడి ఉంది.

"ఆంటీ, నాకు కూడా పట్టుకుంటారా?"

మర్నాటికి అయిదారుగురయ్యారు. ఆ తర్వాత లెక్క పెట్టడం మానేశాను. మూడో తరగతి పిల్లలు కూడా వచ్చారు. అంటే వాళ్ళు ఇన్నాళ్ళూ ఏం చేశారో నేను అడగలేదు. అడిగితే వినాల్సి వస్తుంది. అబ్బాయిలు ఒకటి రెండు రోజులు దూరం నుంచి చూసి, ఇక్కడ సరదా లేదని వేరే ఆటలోకి వెళ్ళిపోయారు.

మందు అయిపోయాక మళ్ళీ పరీక్ష చేయించాం. ఏమీ లేదన్నారు. ఆ కాగితం చూసి మావారు ఆ పూట వేపుడు చేయమన్నారు, చేశాను. నా భయం మాత్రం అంత తేలిగ్గా పోయేది కాదు. రంగు ఇంకా చూస్తూనే ఉన్నాను. తలుపు ఇంకా మార్చలేదు. వడ్రంగి ఈ వారం వస్తాడట.

ఈరోజు ఇంటర్వెల్లో మా పాప పని ఎప్పుడో అయిపోయింది, ఆటకి వెళ్ళిపోయింది. గంట కూడా కొట్టేశారు. వరసలో ఇంకా ఇద్దరున్నారు. చేతులు లాగేస్తున్నాయి, మెడ మీద ఎండ కాలుతోంది, ఇంట్లో స్టవ్ మీద పప్పు గుర్తొచ్చింది. "రండమ్మా రండి, క్లాసులు మొదలైపోయాయి" అని ఆయమ్మ అరుస్తోంది. లోపల ఎవరి పిల్లో, మొహం కూడా నేను సరిగ్గా చూడలేదు, కంగారుగా "అయిపోయింది ఆంటీ, వచ్చేస్తున్నా" అంది. ఇంకా అవలేదని నాకు వినిపిస్తూనే ఉంది.

"తొందరేం లేదమ్మా" అన్నాను. "పూర్తిగా కానివ్వు. నేను పట్టుకునే ఉన్నాను."